చిరంజీవి

ఎర్రుపాలెంలో పంచే పెళ్లి శుభలేఖల్లో వరుడి పేరు ముందు ‘చి.’, వధువుకు ‘చి.ల.సౌ.’ ఉంటాయి. చిరం అంటే చాలాకాలం. చిరంజీవి అంటే చాలాకాలం బతికేవాడు. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటను పెద్దలు చిన్నవాళ్లకు దీవెనగా వాడతారు, తిరగేసి వాడరు.

పురాణాల్లో చిరంజీవులు ఏడుగురు. హనుమంతుడికి అది వరం. అశ్వత్థామకు శాపం. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలిన వాడికి కృష్ణుడు చావు విధించలేదు. 3,000 ఏళ్లు ఒంటరిగా తిరగమన్నాడు. గ్రీకు కథల్లో తిథోనస్‌దీ ఇంచుమించు ఇదే గతి: చావు రాదు, ముసలితనం ఆగదు. అకిలీస్ నయం, కీర్తి కోసం కొద్దిపాటి ఆయుష్షు చాలనుకున్నాడు.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో ఆ అశ్వత్థామను యంత్రాల కాలానికి తెచ్చాడు. వేషం అమితాబ్ బచ్చన్‌ది. అప్పుడు గర్భం మీద అస్త్రం వేసినవాడే ఇప్పుడు పుట్టబోయే బిడ్డకు కాపలా! ఆ సినిమాలో అసలు ఊహ ఇదే. మిగతాదంతా హంగు.