అలిపిరి దాడి, 2004 ఎన్నికలు: నాయకుల పోటీ, ప్రజల సమస్యలు

తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తులకు అలిపిరి మెట్ల దారి మొదలయ్యే చోటు. ఆంధ్రప్రదేశ్ రాజకీయ చరిత్రలో మాత్రం ఆ పేరు ఒక దాడికి గుర్తుగా నిలిచిపోయింది. ఆ దాడి నుంచి 2004 ఎన్నికల ఫలితాల దాకా గడిచిన కాలాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: ఎన్నిక నాయకుల చుట్టూ తిరిగినప్పుడు ప్రజల సమస్యలు ఏమవుతాయి?

దాడి, శాసనసభ రద్దు

2003 అక్టోబరు 1న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు బ్రహ్మోత్సవాల సందర్భంగా ప్రభుత్వం తరఫున శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి తిరుమలకు బయలుదేరారు. అలిపిరి వద్ద ఆయన ప్రయాణిస్తున్న వాహనాన్ని లక్ష్యంగా చేసుకుని పీపుల్స్ వార్ నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో ప్రాణాపాయం నుంచి తప్పించుకున్నారు. మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి, మరికొందరు ప్రజాప్రతినిధులు కూడా గాయపడ్డారు.

1999లో ఎన్నికైన శాసనసభకు అప్పటికి ఇంకా దాదాపు ఏడాది గడువు ఉంది. అయినా నవంబరులో సభ రద్దయింది. దాడి వల్ల కలిగిన సానుభూతి తెలుగుదేశం పార్టీకి కలిసివస్తుందని అప్పట్లో చాలామంది రాజకీయ పరిశీలకులు అంచనా వేశారు. ఎన్నికలు మాత్రం వెంటనే జరగలేదు. 2004 ఏప్రిల్ 20, 26 తేదీల్లో లోక్‌సభ ఎన్నికలతో కలిపి జరిగాయి.

ఇద్దరు నాయకుల పోటీ

మనది పార్లమెంటరీ విధానం. ఓటరు తన నియోజకవర్గానికి శాసనసభ్యుణ్ణి ఎన్నుకుంటాడు. సభలో మెజారిటీ ఉన్న పక్షం నాయకుడు ముఖ్యమంత్రి అవుతాడు. కానీ 2004 నాటి ప్రచారం, అధ్యక్ష పదవికి ఇద్దరు అభ్యర్థులు పోటీపడుతున్న తీరులో సాగింది. ఒకవైపు చంద్రబాబు నాయుడు, మరోవైపు కాంగ్రెస్ నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. ఇద్దరూ 1978లోనే తొలిసారి శాసనసభకు ఎన్నికైనవారు. ఇద్దరూ కరవు సీమ నుంచి వచ్చినవారు. ఒకరిది చిత్తూరు జిల్లా, మరొకరిది కడప జిల్లా. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచారు. పరిపాలనా సంస్కరణలు, సమాచార సాంకేతికత, ‘విజన్ 2020’ చంద్రబాబు నాయుడి గుర్తింపుగా మారాయి. ఓటరు ముందు పార్టీల కార్యక్రమాల కన్నా ఈ రెండు ముఖాలే ఎక్కువగా కనిపించాయి.

కొండ కింది కరవు

అలిపిరి నుంచి పడమటి దిక్కుగా పోతే మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల మెట్ట పొలాలు వస్తాయి. ఏడాది పొడవునా పారే నది చిత్తూరు జిల్లాలో లేదు. ఒకప్పుడు చెరువులు, దిగుడు బావులు సేద్యానికి ఆధారం. చెరువులు పూడిపోయి, బావులు ఎండిపోయాక రైతులు బోర్ల మీద ఆధారపడ్డారు. ఒక బోరులో నీళ్లు పడకపోతే మరొకటి వేయాలి. దానికి బ్యాంకు అప్పు దొరకకపోతే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. వేరుశనగ పంట చేతికి రాని ఏడు ఆ వడ్డీ అసలును మించుతుంది. పని వెతుక్కుంటూ బెంగుళూరుకు వలస పోవడం చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో మామూలైపోయింది. అప్పుల బాధతో రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన వార్తలు ఆ కాలపు పత్రికల్లో తరచుగా వచ్చేవి.

దీనికి విద్యుత్ ఛార్జీల సమస్య తోడైంది. 2000లో ఛార్జీల పెంపును వ్యతిరేకిస్తూ ఆందోళన సాగింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసుల కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు.

ఇక్కడ మీరు ఒక తేడాను గమనించాలి. అలిపిరి దాడికి తేదీ ఉంది, స్థలం ఉంది. అందుకే అది పతాక శీర్షిక అయింది. కరవుకు తేదీ ఉండదు. భూగర్భ జలం ఏ రోజున అడుగంటిందో ఎవరూ రాసిపెట్టరు. చరిత్ర విద్యార్థి ఈ రెండో రకం మార్పులను ప్రత్యేకంగా వెతికి పట్టుకోవాలి.

ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి?

294 స్థానాలున్న శాసనసభలో కాంగ్రెస్‌కు 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి. 1999లో తెలుగుదేశం గెలిచినవి 180. దీన్ని బట్టి రాష్ట్రమంతా ఒక్కసారిగా ఆ పార్టీకి దూరమైందని అనిపిస్తుంది. ఓట్ల లెక్క చూస్తే సంగతి వేరు. కాంగ్రెస్‌కు సుమారు 38.5 శాతం, తెలుగుదేశానికి సుమారు 37.5 శాతం ఓట్లు వచ్చాయి. తెలంగాణ రాష్ట్ర సమితి, వామపక్షాలతో కాంగ్రెస్ కుదుర్చుకున్న పొత్తు ఫలితంలో పెద్ద పాత్ర వహించింది. కాబట్టి ‘రైతులే ఓడించారు’ అన్న ఒక్క మాటతో ఈ ఫలితాన్ని తేల్చడం సరికాదు. పొత్తులు, తెలంగాణ ఆకాంక్ష, సేద్యపు సంక్షోభం కలిసి పనిచేశాయి.

సానుభూతి మాత్రం గట్టెక్కించలేదు. ఇది మన రాష్ట్రానికి కొత్త కాదు. 1984 డిసెంబరులో, ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతటా కాంగ్రెస్ గాలి వీచింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 30 తెలుగుదేశానికి దక్కాయి. అదే ఏడాది ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన తీరును ఇక్కడి ఓటర్లు మరచిపోలేదు. నాయకుడి మీద జాలి, ప్రభుత్వం మీద తీర్పు రెండూ ఒకటి కావని ఈ రెండు ఎన్నికలు చెబుతున్నాయి.

గెలుపు తరువాత మిగిలినది

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద చేశారు. రైతుకు అది తక్షణ ఊరట. కానీ కరెంటు ఉచితమైతే బోరులోకి నీరు రాదు. పైగా ఎంత తోడినా ఖర్చు లేదన్నప్పుడు భూగర్భ జలాన్ని పొదుపుగా వాడే అవసరం కనిపించదు. బోర్ల తవ్వకాన్ని అదుపు చేయడానికి 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. అంతకుముందే ‘నీరు-మీరు’ కార్యక్రమం మొదలైంది. ప్రచార సభల్లో మాత్రం కరెంటు ధర గురించి వినిపించినంతగా నీటి మట్టం గురించి వినిపించలేదు. ధర మీద నాయకులు వాదులాడుకోవచ్చు, వాగ్దానం చేయవచ్చు. నీటి మట్టం గురించి మాట్లాడాలంటే ఓటరుకు కూడా కష్టమైన మాట చెప్పాలి. అందుకే ఏ పక్షమూ దాన్ని ప్రధానాంశం చేయలేదు. ప్రభుత్వం మారిన తరువాత కూడా రైతుల ఆత్మహత్యలు ఆగకపోవడానికి ఇది ఒక కారణం.

కొంత మేలు కూడా జరిగింది. 2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. కరవు పల్లెల గోడు దేశ విధానాన్ని కదిలించగలదని ఇది చూపింది.

మీ ప్రాంతపు ఎన్నికలను అధ్యయనం చేసేటప్పుడు ‘ఎవరు గెలిచారు?’ అన్న ప్రశ్నతో ఆగిపోకండి. ‘ఏ సమస్య గురించి ఎవరూ మాట్లాడలేదు?’ అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2004లో సీట్ల తేడా, ఓట్ల తేడా ఒకేలా లేకపోవడానికి కారణం ఏమిటి?
2. 1984, 2004 ఎన్నికల్లో సానుభూతి ప్రభావాన్ని పోల్చండి.
3. మీ మండలంలో గత ఇరవై ఏళ్లలో బోర్ల లోతు ఎలా మారిందో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ కాలంలో జరిగిన ఎన్నికల్లో ఆ విషయం ప్రచారానికి వచ్చిందా? ఒక పుటకు మించకుండా రాయండి.