ఆనపబుర్ర, కల్లు పన్ను, మన చరిత్ర

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మనకు బడిలో నేర్పారు. చూరుకు వేలాడే ఆనపబుర్రకు కూడా చరిత్ర ఉందని ఏ పాఠంలోనూ రాలేదు. ఆ బుర్ర కోసం, అందులోని కల్లు కోసం రంప కొండల్లో మన పెద్దలు ప్రాణాలిచ్చారు. అందుకే ఆ సంగతి మనమే రాసుకోవాలి.

ముందు బుర్ర సంగతి. కూరకు పనికిరాని చేదు ఆనపకాయను తీగ మీదే ముదరనిచ్చి, బాగా ఎండాక కోస్తారు. మెడ దగ్గర చిన్న కన్నం పెట్టి నీళ్లు పోసి ఉంచితే లోపలి గుజ్జు కుళ్లి మెత్తబడుతుంది. దాన్ని పారబోసి, ఇసుక, గులకరాళ్లు వేసి ఆడిస్తారు. చేదు పోయే దాకా నీళ్లు మార్చి మార్చి కడుగుతారు. తర్వాత పొయ్యి మీద పొగలో వేలాడదీస్తారు. అప్పుడు బుర్ర గట్టిపడుతుంది, పురుగు పట్టదు. కుండ కన్నా తేలిక కాబట్టి తాడు కట్టి భుజాన వేసుకుని కొండ దిగవచ్చు. మెడ సన్నం కాబట్టి నడకలో కల్లు తొణకదు. చిన్న బుర్రను నిలువునా కోస్తే వంచడానికి గరిటె అవుతుంది. తాగడానికి ఆకు డొప్ప ఉండనే ఉంది. పెళ్లికైనా, పండక్కైనా, చావు దినానికైనా మన సరంజామా ఇంతే.

బుర్ర మూతికి బిరడా బిగించరు, ఆకులు మడిచి కుక్కుతారు. దీనికి కారణం ఉంది. చెట్టు నుంచి దిగిన కల్లు తియ్యగా ఉంటుంది. గాలిలో, కుండలో ఉండే ఈస్టు ఆ తీపిని తిని సారాయి గుణాన్ని, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. నురుగు కట్టేది ఆ వాయువు వల్లే. ఆకు సందుల్లోంచి అది బయటికి పోతుంది కాబట్టి బుర్ర పగలదు. ఈ రోజు పట్నం పెళ్లిళ్లకు తెచ్చే బీరు పీపా చూడండి. స్టీలు పీపా, ఐసులో ముంచిన పైపు, చివర కుళాయి, పక్కన గ్యాసు సిలిండరు. ఆ సిలిండరులో ఉండేది కూడా బొగ్గుపులుసు వాయువే. బుర్రలో బయటికి వదిలేసే వాయువుతోనే అక్కడ బీరును కుళాయి దాకా నెట్టిస్తారు. బిగించిన పీపాలో బీరు చాలా రోజులు నిలవ ఉంటుంది. కల్లు మాత్రం పొద్దున తీపి, మధ్యాహ్నానికి మత్తు, మర్నాటికి పులుపు. దాచుకోవడానికి వీల్లేదు. దించిన రోజునే పదిమందికీ పోయాలి.

ఈ ఒక్క గుణం మీదే మన ఆచారం నిలబడింది. జీలుగు చెట్టు గెల వేసిందంటే ఊరికి కబురు తెలిసిపోతుంది. ఆ కల్లు ఒక్క ఇంట్లో ఖర్చయ్యేది కాదు. మొదట నాలుగు చుక్కలు నేల మీద పెద్దలకు పోసి, తర్వాతే డొప్పలు నింపుతారు. జీలుగు చెట్టు పై గెలతో మొదలుపెట్టి కింది గెల దాకా పూసి చనిపోతుంది. గింజలు కరువైన రోజుల్లో కొండరెడ్లు ఆ చెట్టు మొవ్వను దంచి, పిండి చేసి, జావ కాచుకుని బతికారు. చెట్టు మనకు అన్నం కూడా పెట్టిందన్న మాట.

అలాంటి చెట్టు మీద పన్ను పడింది. రంప ప్రాంతం మన్సబుదారు కింద ఉండేది. అతని కింద ముఠాదార్లు ఉండేవారు. మన్సబుదారు కల్లుకు చిగురుపన్ను వసూలు చేసేవాడు. దాని మీద మద్రాసు సర్కారు కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదంది, గీసే హక్కును కాంట్రాక్టర్లకు పాటకిచ్చింది. తాత నాటి చెట్టు ఎక్కడానికి మనం పాటదారు చేతిలో డబ్బు పెట్టాల్సి వచ్చింది. మైదానం నుంచి వచ్చిన షావుకార్ల అప్పులు, కోర్టు జప్తులు, పోలీసుల మామూళ్లు దీనికి తోడయ్యాయి.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పితూరి లేచింది. భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి, విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు పాకింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి వారు ముందు నడిచారు. సర్కారు సైన్యాన్ని దించింది. 1880లో ఆ ఇద్దరినీ చంపేశారు. విచారణకు వచ్చిన సర్కారు అధికారి సలివాన్ కూడా మన్సబుదారు దౌర్జన్యాన్ని, కల్లు పన్నును కారణాలుగా ఒప్పుకోవాల్సి వచ్చింది. మన్సబుదారును తీసేశారు, ముఠాదార్లకు నేరుగా సనదులిచ్చారు. తాగుబోతులు కల్లు కోసం తిరగబడ్డారని ఎవరైనా అంటే ఈ వివరాలు చెప్పండి. మన చెట్టు మీద అజమాయిషీ ఎవరిదన్నదే అక్కడి తగువు.

దీనికి రెండో వైపు కూడా పిల్లలకు చెప్పాలి. 1922లో గాం గంటందొర, గాం మల్లుదొర తోడుగా నడిచిన అల్లూరి సీతారామరాజు అంతకు ముందే మన ఊళ్లలో తాగుడు మానమని, తగువులు పంచాయతీల్లో తీర్చుకోమని బోధించాడు. మన వాళ్లు ఆ మాటా విన్నారు. గీసే హక్కు అడిగినదీ మనమే, మానాలని అనుకున్నదీ మనమే. రెండూ మన నిర్ణయాలే.

నిలవ ఉండని కల్లును పంచుకుంటాం. నిలవ ఉండే సారాను అమ్ముతారు. సీసాకు ధర ఉంటుంది, దుకాణం ఉంటుంది, అప్పు ఖాతా ఉంటుంది. బుర్రకు ఇవేవీ లేవు. ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిందో, ఎన్ని పోడు చెక్కలు తాకట్టుకు పోయాయో మన ఆడవాళ్లను అడిగితే చెబుతారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. ఇప్పుడు మన పెళ్లిళ్లకు బీరు పెట్టెలు వస్తున్నాయి. రేపు కుళాయి పీపాలు కూడా రావచ్చు. అవి తెచ్చిన ఖర్చు ఎవరి మీద పడుతోందో లెక్క వేసుకోవాలి.

1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. తమ్మన్నదొర నాటికి మనకు లేని కాగితం ఇది. ఊళ్లోకి దుకాణం రావాలా వద్దా అన్న మాట గ్రామసభలో మనం ఎత్తకపోతే ఇంకెవరో తేల్చేస్తారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని. ఈ వేసవిలో పిల్లలను పెద్దవాళ్ల దగ్గరికి పంపండి. బుర్ర ఎలా చేస్తారో, ఊళ్లో జీలుగు చెట్లు ఎన్ని మిగిలాయో, ఏ చెట్టు ఎవరి తాత నాటిదో రాయించండి. మొలకలు కనబడితే కంచె కట్టించండి. ఆ నోటుబుక్కు బడిలో దాచండి. రంప పితూరి పాఠం చెప్పే రోజున ముందు దాన్ని తెరవండి.