పిల్లల చదువు వినే చెవి: ఇసుక పలక నుంచి కంప్యూటర్ తెర దాకా

ఒకటో తరగతి పిల్లవాడు చదువుతుంటే ఎప్పుడైనా పక్కన కూర్చుని విన్నారా? 'పలక' అన్న మాట దగ్గర ఆగిపోతాడు. మొదటి అక్షరం 'ప'యో 'వ'యో తెలియదు. తలెత్తి మీ ముఖం వంక చూస్తాడు. మీరు తల ఊపితే ముందుకు సాగుతాడు. ఊపకపోతే మళ్ళీ అక్షరం మీద వేలు పెట్టి మొదలుపెడతాడు. చదవడం నేర్పడంలోని కీలకమంతా ఆ చిన్న తల ఊపులోనే ఉంది.

మరి ఆ తల ఊపవలసిన మనిషి వందల మైళ్ళ అవతల ఉంటే? ఈ రోజుల్లో ఎన్నో కుటుంబాలు ఫోను మీదా కంప్యూటర్ మీదా పసిపిల్లలకు చదువు చెప్పిస్తున్నాయి. పరాయి దేశంలో పెరుగుతున్న మనవరాలి చేత ఇక్కడి అమ్మమ్మ తెలుగు అక్షరాలు చదివిస్తోంది. ఇదంతా నిన్న మొన్నటి వింతలా కనిపిస్తుంది గాని, దీని వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొదలైంది కూడా మన దక్షిణ దేశంలోనే.

ఇసుకలో అక్షరాలు

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు 1787లో మద్రాసు చేరాడు. 1789లో ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథ శరణాలయంలో చదువు బాధ్యత ఆయన మీద పడింది. ఒకనాడు ఒక వీధి బడి పక్కగా వెళుతూ, పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ పద్ధతిని తన బడిలో పెట్టమంటే అక్కడి ఉపాధ్యాయులు ఉత్సాహం చూపలేదు. దాంతో ఆయన ఫ్రిస్కెన్ అనే విద్యార్థికి ఆ పని అప్పగించాడు. పిల్లవాడే చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పాడు, చక్కగా నేర్పాడు. ఈ అనుభవాన్ని బెల్ 1797లో లండన్‌లో పుస్తకంగా ప్రకటించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండ్‌లోనూ ఇతర దేశాలలోనూ వ్యాపించింది.

పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పడం మన వీధి బడులకు కొత్త కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా ఉన్న దేశీయ పాఠశాలల వివరాలు సేకరించమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి తేలిన లెక్క ప్రకారం 12,498 పాఠశాలలలో 1,88,650 మంది చదువుతున్నారు. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులని రాశాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. చెప్పేవాడి చదువు కూడా దానివల్ల గట్టిపడుతుందని గమనించాడు. అయితే ఒక లోపాన్నీ ఎత్తిచూపాడు. పిల్లలు పద్యాలను చిలుకల్లా వల్లిస్తున్నారే తప్ప అర్థం వారికి తెలియదన్నాడు.

ఆ మెప్పునూ ఈ విమర్శనూ రెంటినీ గుర్తుంచుకోండి. ప్రతి పిల్లవాడి పక్కనా వినేవాడొకడు ఉండటం ఆ బడుల బలం. విన్నది అర్థమయిందా అని అడిగేవాడు లేకపోవడం వాటి బలహీనత.

ఆకాశం నుంచి పాఠం

ఇరవయ్యో శతాబ్దంలో చదువు దూరప్రయాణం మొదలుపెట్టింది. మన దేశంలో అతి పెద్ద ప్రయత్నం 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన 'సైట్' కార్యక్రమం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఆ ఏడాది మన 'ఇస్రో'కు వాడుకోనిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా అందాయి. కోళ్ళ గూటికి వాడే వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు ఆకారపు ఏంటెన్నా, దాని కింద ఊరందరికీ ఒకే టెలివిజన్ ఉండేవి. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలం రెండున్నర గంటలు పెద్దలకు కేటాయించారు. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు జోడించే సదుపాయం కూడా ఆ ఉపగ్రహంలో ఉంది.

విద్యుత్తు సైతం సరిగా లేని పల్లెలకు పాఠం ఆకాశం నుంచి దిగిరావడం నిజంగా గొప్ప విజయమే. కాని ఆ పాఠం ఒకే దిక్కుకు ప్రవహించింది. తెర మీది పంతులమ్మ గొంతు 2400 ఊళ్ళకు వినిపించింది, ఏ ఊరి పిల్లవాడు ఏ అక్షరం దగ్గర తడబడ్డాడో ఆమెకు వినిపించలేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన 'ఎడ్యుశాట్' ఈ కొరతను కొంత తీర్చింది. కొన్ని కేంద్రాల విద్యార్థులు దాని ద్వారా గురువును తిరిగి ప్రశ్నించగలిగారు. కళాశాల విద్యార్థికి అది చాలు. ప్రశ్న అడగడమే రాని ఆరేళ్ళ పిల్లకు చాలదు.

తెర మీద అమ్మమ్మలు

తర్వాతి ఘట్టానికి హైదరాబాదుతో సంబంధం ఉంది. 1999 జనవరిలో ఢిల్లీలోని కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి పిల్లల కోసం కంప్యూటర్ అమర్చిన సుగతా మిత్రా పేరు మీరు వినే ఉంటారు. ఆయన బృందం హైదరాబాదులోని ఒక చిన్న ప్రైవేటు బడిలో 16 మంది పిల్లలకు మాటను అక్షరాలుగా మార్చే కంప్యూటర్ కార్యక్రమాన్ని ఇచ్చింది. తాము పలికిన ఇంగ్లీషు మాటను యంత్రం సరిగా గుర్తించే దాకా పిల్లలు మళ్ళీ మళ్ళీ పలికారు. పలుకుబడి మెరుగయిందని 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు.

కాని కంప్యూటర్‌ను పిల్లల మధ్య వదిలేస్తే ఎక్కువ సమయం ఆటలకే పోతోందని విమర్శలు వచ్చాయి. పక్కన మెచ్చుకునే పెద్దమనిషి ఒకరుంటే పిల్లలు బాగా నేర్చుకుంటారని మిత్రా కూడా గ్రహించాడు. 2009లో 'గార్డియన్' పత్రిక ద్వారా బ్రిటన్ అమ్మమ్మలకు విజ్ఞప్తి చేశాడు. వారానికి ఒక గంట మీరు మా పిల్లలకు ఇస్తారా అన్నది దాని సారాంశం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినులు ఎందరో ముందుకు వచ్చారు. 'స్కైప్' ద్వారా హైదరాబాదు పిల్లలకు కథలు చదివి వినిపించారు, వారి చేత చదివించుకుని విన్నారు. ఆ స్కైప్ 2025 మేలో మూతపడింది. ఆ ఆలోచన మాత్రం నిలిచింది.

బడులు మూతపడిన ఏడాది

2020 మార్చిలో కోవిడ్ వల్ల దేశమంతటా బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అవి 3వ తరగతి నుంచి పైవారికే. అక్షరాలు అప్పుడప్పుడే దిద్దుతున్న చిన్నవారు టెలివిజన్‌తో నేర్చుకోలేరని దీనిలోనే ఒప్పుకోలు ఉంది.

దాని ఫలితం ఏమిటి? గ్రామీణ పిల్లల చదువుపై వెలువడే 'అసర్' సర్వే ఇంటింటికీ వెళ్ళి ఒక్కొక్క బిడ్డ చేత చదివించి వింటుంది. 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 27 శాతం. 2022లో అది 20.5 శాతానికి పడిపోయింది. 2024లో మళ్ళీ 27 శాతం చేరింది. పోయింది తిరిగి వచ్చిందని సంతోషించవచ్చు గాని, నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారన్న సంగతి మరచిపోకూడదు. చదవడం రాని బిడ్డకు లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం కూడా మూసిన తలుపులే.

అదే 2020లో బంగ్లాదేశ్‌లో ఒక ప్రయోగం జరిగింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వచ్ఛందంగా 13 వారాల పాటు, వారానికి అరగంట చొప్పున, పల్లెల్లోని ప్రాథమిక పాఠశాల పిల్లలకూ వారి తల్లులకూ ఫోను చేసి చదువులో సాయపడ్డారు. 200 గ్రామాలలో 838 కుటుంబాలను రెండు గుంపులుగా విడదీసి పరిశీలించారు. ఫోను అందుకున్న పిల్లలు స్పష్టంగా ముందున్నారు. వారి తల్లులు కూడా పిల్లల చదువుకు మరింత సమయం ఇవ్వసాగారు. ఖరీదైన యంత్రమేదీ లేదు. మామూలు ఫోనే మద్రాసు పద్ధతిని మళ్ళీ బతికించింది.

'స' ఎందుకు వినబడదు?

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం కావాలి. మామూలు టెలిఫోను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు గల ధ్వనులనే మోస్తుంది. అచ్చుల గుర్తింపుకు అది చాలు. కాని 'స' పలికినప్పుడు వచ్చే బుస శబ్దంలో ఎక్కువ శక్తి 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అందుకే ఫోనులో 'స' 'శ'లాగానో, 'ఫ'లాగానో వినిపించవచ్చు. ఇంటర్నెట్ సంభాషణలలో ఈ పరిధి పెరిగింది. అయినా చిన్న స్పీకరు, ఇంట్లో గోల తమ పని తాము చేస్తాయి. తప్పు పలికింది పిల్లవాడా, తంత్రీమార్గమా అన్నది తేల్చుకున్నాకే దిద్దాలి.

మరో చిక్కు: పిల్లవాడు పుస్తకాన్ని కెమెరా ముందు పెడితే తన తెర మీద అక్షరాలు తరచుగా అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి. అవతలివారికి మాత్రం సరిగానే కనిపిస్తాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే, అక్షరాలు నేర్చుకునే బిడ్డ కంగారు పడుతుంది.

మీ వంతు

తమ్ముడికో, మేనకోడలికో ఇలాంటి చదువు ఏర్పాటు చేయాలనుకుంటే ఈ చరిత్ర చెప్పే పాఠాలు సులువైనవే. ఒకే మనిషి, ఒకే వేళ, రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు. ఒకే పుస్తకం రెండు చోట్లా ఉండాలి. అలా ఉంటే లైను సరిగా లేనప్పుడు బొమ్మ ఆపేసి మాటతోనే పాఠం సాగుతుంది. చదివేది పిల్లవాడు, వినేది మీరు. ఆగినచోట వెంటనే అందించకుండా నాలుగైదు క్షణాలు ఆగండి. పేజీ పూర్తయ్యాక 'కథలో ఏమయింది?' అని అడగండి. కాంప్‌బెల్ చెప్పిన చిలుక చదువుకు అదే విరుగుడు. బయటివారు చెప్పేటట్లయితే, ఇంట్లో పెద్దవారొకరు ఆ గదిలోనే ఉండి తీరాలి.

నేడు పిల్లల చేత చదివించుకుని తప్పులు చెప్పే ఫోను కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చాయి. అవి సాధనకు ఉపకరిస్తాయి. కాని పిల్లవాడు తలెత్తి చూసినప్పుడు చూపు కలిపేది మనిషే. ఎగ్మూరులో ఆ పని ఒక బడిపిల్లవాడు చేశాడు, బంగ్లాదేశ్‌లో కళాశాల విద్యార్థులు చేశారు. వారానికి ఒక అరగంట మీరూ ఇవ్వగలరు కదా!