పాత సామానుతో ఇంట్లో సముద్రపు చేపల తొట్టి: జార్జి టౌన్ ఇళ్లకు తగిన వివరాలు

సముద్రపు చేపలను గాజు తొట్టిలో పెట్టి చూడటం మన చెన్నపట్నానికి కొత్త కాదు. ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్స్‌టన్ ప్రయత్నంతో 1909లోనే మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. 1919లో అది చేపల శాఖ చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, జపాను బాంబుల భయంతో దాన్ని మూసేశారు.

ఇప్పుడు ఆ సరదా ఇళ్లలోకి వచ్చింది. కొళత్తూరు వీధుల్లో అలంకార చేపల అంగళ్లు వరుసగా ఉన్న సంగతి అందరికీ తెలుసు. మంచినీటి చేపలతో మొదలుపెట్టిన పిల్లలు కొన్నాళ్లకు నారింజ రంగు చారల చేప కావాలంటారు. కొత్త సామాను ధర వినగానే పెద్దవాళ్లు పాతది ఎక్కడైనా దొరుకుతుందా అని వెతుకుతారు. దొరుకుతుంది కూడా. ఉప్పునీటి తొట్టి పెట్టినవాళ్లలో చాలామంది ఏడాది తిరగకముందే విసిగిపోయి తొట్టి, పంపు, దీపాలు, రాయి అన్నీ కలిపి ఒక్క లాటుగా అమ్మేస్తుంటారు. ఆ లాటులో ఏది తీసుకోవచ్చు, ఏది వదిలేయాలి అన్నది ఈ వ్యాసం విషయం. డబ్బు నష్టం ఒక ఎత్తు, చట్టం ఇంకో ఎత్తు. కాబట్టి చట్టంతో ముడిపడిన రాయి సంగతే ముందు చెబుతాను.

రాయి

సముద్రపు తొట్టిలో నీటిని శుభ్రం చేసే పని ప్రధానంగా రాయిదే. రాయి లోపల సన్నని రంధ్రాలలో సూక్ష్మజీవులు కాపురం పెట్టి, చేపల విసర్జనలోంచి వచ్చే అమోనియాను తక్కువ హాని చేసే పదార్థంగా మారుస్తాయి. అందుకే విదేశాల్లో దీన్ని లైవ్ రాక్ అని పేరు పెట్టి అమ్ముతారు. మన దగ్గర ఆ పేరుతో చేతులు మారేది చాలాసార్లు మన్నార్ సింధుశాఖలోనో పాక్ జలసంధిలోనో విరగ్గొట్టి తెచ్చిన పగడపు ముక్క. రామేశ్వరం వైపు నుంచి తూత్తుకుడి దాకా వరుసగా ఉన్న 21 దీవులను, వాటి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అంతకుముందు అక్కడ పగడపు దిబ్బలను సున్నం కోసం పడవలకెత్తి తవ్వుకుపోయేవారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. నల్ల పగడం, నిప్పు పగడం, సముద్రపు విసనకర్ర, సముద్రపు గుర్రం, సముద్రపు దోసకాయ కూడా చట్టం రక్షణలోకి వచ్చాయి. మొదటి షెడ్యూలు అంటే పులి ఉన్న పట్టిక. 2022 సవరణ తరువాత ఆ పట్టికలోని జీవుల విషయంలో నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. ఎండి తెల్లబడిన ముక్క అయినా పగడమే. "ఎప్పుడో కొన్నది సార్, పాతది" అనే మాట అధికారుల ముందు పనికి రాదు. పాత సామాను అమ్మేవారి దగ్గర సాధారణంగా బిల్లు ఉండదు కనుక ఇబ్బంది కొన్నవారి మీదికే వస్తుంది.

గుర్తుపట్టడం మరీ కష్టమేమీ కాదు. రాతి మీద వరుసగా నక్షత్రాల్లాంటి చిన్న గుంటలు, మెదడు మడతల వంటి గీతలు, జింక కొమ్ముల్లా చీలిన కొమ్మలు కనిపిస్తే అది పగడపు అస్థిపంజరం. ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. మన ఉంగరాల్లో కుజుడికని పెట్టుకునే ఎర్ర పగడం జాతి వేరు, అది ఎక్కువగా మధ్యధరా సముద్రపు సరుకు. దాన్ని చూపించి దీన్ని సమర్థించుకోలేం.

మరి తొట్టిలో ఏం పెట్టాలి? కాల్చిన మట్టితో చేసిన రంధ్రాల రాళ్లు, అక్వేరియం కోసం ఫ్యాక్టరీలో చేసిన రాళ్లు దొరుకుతాయి. ఇంట్లోనే చేసుకోవాలంటే ఒక పాలు తెల్ల సిమెంటు, మూడు పాళ్లు గుల్లపొడి లేక ముతక ఇసుక, అందులో గుప్పెళ్ల కొద్దీ రాళ్ల ఉప్పు కలిపి తడి ఇసుకలో పోతపోయాలి. గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి రంధ్రాలు మిగులుతాయి. సిమెంటు క్షారం దిగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నీళ్లు మార్చుతూ పీహెచ్ 8.5కు దిగేదాకా ఆగాలి. ఆలోపు చేపను వేస్తే చస్తుంది. ఎనిమిది పది లీటర్ల నీటికి కిలో రాయి చొప్పున లెక్క వేసుకుంటే చాలు.

ఇంకొకరి తొట్టిలో వాడిన కృత్రిమ రాయి తీసుకుంటే బ్రష్షుతో రుద్ది, పది పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి ఒకటి రెండు రోజులు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ విరుగుడు మందు వేసి, ఎండలో ఆరబెట్టాలి. బ్లీచింగులో వెనిగర్ గానీ బాత్‌రూం యాసిడ్ గానీ కలపరాదు, విషవాయువు పుడుతుంది. రాయిని పొయ్యి మీద ఉడికించడం అంతకన్నా ప్రమాదం. దానికి అంటుకుని ఉండే కొన్ని గుండీల్లాంటి జీవుల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. ఆరిన రాయిని ఒక డ్రమ్ములో ఉప్పునీళ్లు పోసి, చిన్న పంపు తిప్పుతూ నెల రోజులు ఉంచండి. పాత రాయి పీల్చుకున్న ఫాస్ఫేటు అప్పుడు బయటికి వస్తుంది. దాన్ని దింపకుండా తొట్టిలో పెడితే నెలల తరబడి నాచు వదలదు.

తొట్టి, దాని బరువు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి మొదటిసారికి సరిపోతుంది. అంచుల దాకా నింపితే 190 లీటర్లు. రాయి, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను నికరంగా 150 లీటర్ల నీరు. గాజు, స్టాండు కలుపుకుంటే మొత్తం బరువు 250 కిలోలు దాటుతుంది. అంత బరువు నాలుగున్నర చదరపు అడుగుల మీద పడుతుంది, అదీ రాత్రీ పగలూ.

మన వీధుల్లో ఇంకా మద్రాసు టెర్రసు ఇళ్లు ఉన్నాయి. టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు అది. అలాంటి ఇంటి మేడ మీద ఈ తొట్టి పెట్టకండి. కింది అంతస్తే మేలు. కాంక్రీటు స్లాబు అయినా గది మధ్యలో కాక గోడ వారగా, దూలాలకు అడ్డంగా వచ్చేట్టు పెట్టాలి, అదీ ఇంజినీరును అడిగాక. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంటి గదికి లెక్క కట్టే భారం చదరపు మీటరుకు 200 కిలోలు. మన తొట్టి అడుగున పడేది దానికి మూడు రెట్లు. అద్దె ఇల్లయితే ఓనరుకు ముందే చెప్పడం మర్యాద, క్షేమం కూడా.

పాత తొట్టి మూలల్లో సిలికాను ఊడి వస్తోందా, గాజు అంచు పగిలిందా చూడండి. కొన్నాక పాత దినపత్రికలు పరిచి, దాని మీద పెట్టి, నిండా నీళ్లు పోసి మూడు రోజులు వదిలేయండి. ఒక్క చుక్క కారినా పత్రిక మీద మరక కనిపిస్తుంది.

అమ్మేవారిని తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇందులో ఎప్పుడైనా మైలుతుత్తం గానీ రాగి కలిసిన మందు గానీ వేశారా? చేపల ఒంటి మీది తెల్ల చుక్కల జబ్బుకు అది వేస్తారు, చేపకు నయమవుతుంది. కానీ రాయి, ఇసుక, సిలికాను ఆ రాగిని పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతుంటాయి. రొయ్య, నత్త, మెత్తని పగడాల వంటి వెన్నెముక లేని జీవులు లేశమాత్రం రాగిని కూడా తట్టుకోవు. సమాధానం తడబడితే రాగి పరీక్ష కిట్టు వాడండి. రాగి తగిలితే ఆ తొట్టి చేపలకు మాత్రమే.

మిగతా సామాను

పంపులను ఒక పూట వెనిగర్ నీళ్లలో నానబెట్టి, లోపలి అయస్కాంతం పగిలిందేమో, తుప్పు పట్టిందేమో చూడాలి. ప్రొటీన్ స్కిమ్మరు, అంటే నురుగుతో మురికిని లాగే గొట్టం, పాతది తీసుకోవచ్చు. ఎదురుగా నడిపించి నురుగు వస్తోందా చూస్తే చాలు. దీపాలు ఎల్‌ఈడీవే తీసుకోండి, పాత మెటల్ హాలైడ్ దీపాల వేడి మన ఎండలకు తోడు కావద్దు. హీటరు మన ఊరికి దండగ. చిల్లరు పాతది కొంటే గంటసేపు నడిపి చూడాలి, లోపలి చుట్ట టైటానియందో కాదో అడగాలి. రాగి చుట్ట ఉన్నది ఉప్పునీటికి పనికిరాదు. పరీక్ష కిట్లు, ఆర్‌ఓ మెంబ్రేను, ఉప్పు కొలిచే పరికరం మాత్రం కొత్తవే కొనండి.

కరెంటు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఉప్పునీరు, పాత వైరింగు ఒకచోట చేరితే ప్రాణాపాయం. తొట్టి లైనుకు ఎర్త్, లీకేజి బ్రేకరు ఉండాలి. ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు తీగ వెంట జారిన నీరు కింద రాలిపోతుంది. 2016 వర్ధా, 2023 మిచౌంగ్ తుఫానుల్లో కరెంటు లేని రోజులు గుర్తున్నవారికి బ్యాటరీతో నడిచే గాలి పంపు ఎందుకో చెప్పనక్కర లేదు.

నీరు, ఉప్పు, ఓపిక

సముద్రం నడిచే దూరంలో ఉంది కదా, బిందెతో తెచ్చుకుంటే పోదా అని కొందరి ఆలోచన. హార్బరు దగ్గర డీజిలు, మెరీనా దగ్గర కూవం మురుగు. ఆ నీరు వద్దు. మీంజూరులో 2010 నుంచి సముద్రపు నీటిలో ఉప్పు తీసి ఉత్తర చెన్నైకి ఇస్తుంటే మనం డబ్బు పెట్టి మళ్లీ ఉప్పు కలుపుకోవడం తమాషాగానే ఉంటుంది, కానీ దారి అదే. వంట ఉప్పు కాదు, అక్వేరియం ఉప్పు. లీటరుకు సుమారు 36 గ్రాములు, అంటే 150 లీటర్లకు ఐదున్నర కిలోలు. సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.

కలిపే నీరు మెట్రో వాటరు గానీ లారీ నీరు గానీ నేరుగా పోయరాదు. ఇంటి ఆర్‌ఓ యంత్రం నీళ్లూ అలాగే సరిపోవు. చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత పచ్చినీరు తిరిగి కలిపే మీట ఉంటుంది. దాన్ని కట్టేసి, చివర డీఐ రెజిన్ గొట్టం తగిలించి, టీడీఎస్ సున్నా వచ్చాకే వాడాలి.

అన్నీ అమర్చాక వెంటనే చేపను తేకండి. సీసాలో అమ్మే అమోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చేలా వేసి, అది 24 గంటల్లో సున్నాకు దిగేదాకా, నైట్రైటు కూడా సున్నా అయ్యేదాకా ఆగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లబెట్టే పద్ధతి ఒకటుంది. శాకాహారుల ఇళ్లలో దాని ప్రస్తావన వద్దు, వాసన సంగతి చెప్పక్కర లేదు. అలాంటి ఇళ్లలో మేత కూడా గుళికల రూపంలోనే తెచ్చుకోండి. గడ్డకట్టిన రొయ్యల మేత వంటింటి ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చిన నాడు ఇంట్లో ఆడవాళ్లు తొట్టిని కూడా బయట పెట్టిస్తారు.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అణ్ణామలై విశ్వవిద్యాలయం పరంగిపేట్టై కేంద్రం మన దేశంలోనే ఈ చేప పిల్లలను పుట్టించే పద్ధతులు అభివృద్ధి చేశాయి. సముద్రంలో పట్టి తెచ్చిన చేప కన్నా ఇవి గట్టిగా ఉంటాయి, గుళికలు తింటాయి. 150 లీటర్లకు మొత్తం నాలుగు చిన్న చేపలు మించవద్దు. ఎవరైనా సముద్రపు గుర్రాన్ని చూపిస్తే చేతులు జోడించి వచ్చేయండి. మెత్తని పగడాల సంగతి ఏడాది తరువాత, అదీ అటవీశాఖ వన్యప్రాణి విభాగంలో అడిగి, కాగితాలు చూసుకున్నాకే. విదేశీ పగడాలకు సైటిస్ ఒప్పందం కింద వేరే పత్రాలు కావాలి.

వేసవిలో నీటి వేడి 28 డిగ్రీలు దాటకుండా చూడాలి. నీటి మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు డిగ్రీల దాకా తగ్గుతుంది, గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో అంత తగ్గదు. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. కనుక రోజూ తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీరే పోయాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఉప్పునీరు పోస్తూ పోయి తొట్టి పాడుచేసుకున్నవారు చాలామంది.

తొట్టి పక్కనే ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఉష్ణోగ్రత, సాంద్రత, నైట్రేటు, మార్చిన నీరు, చనిపోయిన జీవి, ఆరు గడులు గీస్తే చాలు. నాలాంటి పాత గుమాస్తాల అలవాటని నవ్వుకున్నా సరే. మొదటి రెండు నెలల్లో గాజు మీద గోధుమ రంగు పొర, తరువాత పచ్చ నాచు వస్తాయి. మందులు వేయకుండా వారానికి 15 లీటర్ల నీరు మారుస్తూ పోతే తగ్గుతాయి.