సమాన హక్కు, ప్రత్యేక ఏర్పాటు: కురుపాం కొండల్లో బాలికా విద్య

విద్యార్జన ముస్లిం స్త్రీ పురుషులిరువురికీ విధి. అయితే హక్కు సమానమైనంత మాత్రాన అవకాశం తనంతట తాను సమానం కాదు. పురుషులే ఎక్కువ సమయం పొందుతున్నారనీ, తమకొక రోజు కేటాయించాలనీ మహిళలు దైవప్రవక్త (స) వారిని కోరగా, ఆయన ఒక రోజు నిర్ణయించి వారికి బోధించిన ఉదంతం సహీహ్ బుఖారీలోని విద్యా ప్రకరణంలో ఉంది. ఆనాడు మస్జిదు ద్వారం స్త్రీలకు మూసి లేదు. అయినా ప్రత్యేక ఏర్పాటు అవసరమయింది.

స్వతంత్ర భారత విద్యావిధానం కూడా క్రమంగా ఈ సత్యాన్నే గుర్తించింది. రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958లో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా సంఘం, బాలికల విద్యను కొన్నేళ్లపాటు ప్రత్యేక సమస్యగా చూడాలని 1959లో సిఫారసు చేసింది. 1962లో నియమితమైన హంసా మెహతా సంఘం, బాలబాలికలకు వేర్వేరు పాఠ్యాంశాలు తగవని తేల్చింది. అనగా చదువు ఒకటే. దానిని బాలికకు అందించే మార్గంలోనే ప్రత్యేక శ్రద్ధ కావాలి.

సవరలు, జాతాపులు నివసించే కురుపాం కొండల వంటి చోట్ల ఆ మార్గం గురుకులమే. గూడెంలో ప్రాథమిక పాఠశాల ఉన్నా, పై తరగతులకు దూరం పోవాలి. వసతి లేనిచోట ముందుగా చదువు మానేది ఆడపిల్లే. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో 75 శాతం సీట్లు షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులతోపాటు అల్పసంఖ్యాక వర్గాల బాలికలకూ కేటాయించారు. ఈ విధంగా కొండ బాలిక సమస్య ముస్లిం బాలిక సమస్య కూడా అయింది.

షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ, వాటిలో మూడవ వంతు స్త్రీలకు ప్రత్యేకించిన 2000 జనవరి నాటి 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. నూరు శాతం కేటాయింపు రాజ్యాంగ సమ్మతం కాదన్నది తీర్పు. దానితో మన్యం బాలికకు తన భాష, తన ఇంటి కష్టం తెలిసిన ఉపాధ్యాయిని లభిస్తుందన్న భరోసా సన్నగిల్లింది.

2025లో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలాయి. ఇద్దరు బాలికలు మరణించారు. వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. బిడ్డను వసతి గృహానికి పంపే తల్లిదండ్రులు ఆమెను అమానతుగా అప్పగిస్తారు. అమానతులను హక్కుదారులకు తిరిగి అప్పగించాలన్నది సూరా నిసాలోని దైవాజ్ఞ. బాలికకు బడిలో చోటు కల్పించడంతో సమానత్వం పూర్తి కాదు. పరిశుభ్రమైన నీరు, సకాలంలో వైద్యం, కనిపెట్టి చూసే పెద్దదిక్కు కూడా ఆ విద్యలో భాగమే. ఇవి లోపించిననాడు తండ్రి తన కూతురిని ఇంటనే ఉంచుకుంటాడు. అతనిని నిందించే అర్హత అప్పుడు ఎవరికీ ఉండదు.