సర్వరు డిస్కుల కథ, వాని లెక్కల కథ



“సర్వరు పనిచేయుట లేదు” అను మాట నేడు మన యూళ్లలో వృద్ధులకు సైతము తెలిసినదే. ధ్రువపత్రమునకై పోయినను, పింఛనుకై పోయినను ఆ మాటయే వినవచ్చుచుండును. సర్వరనగా అనేకులు దూరమునుండి పంపు ప్రశ్నలకు బదులు చెప్పు గణనయంత్రము. దాని కవిలెకట్టలు డిస్కులనెడి సాధనములయందుండును. ఆ డిస్కు నిజముగా అలసినదా, లేక ఊరక నింద మోయుచున్నదా యని తెలిసికొనుటకు కొన్ని లెక్కలు గలవు. అవి పుట్టిన విధము తెలియనివాడు వానిని తప్పుగా చదువును. అట్లు చదివినచో ధనము వ్యర్థమగును. వాకిట నిలిచిన జనుల నిరీక్షణమును తీరదు.

పూర్వము గణనయంత్రములు తమ లెక్కలను రంధ్రములు పొడిచిన అట్టలమీదను, అయస్కాంతపు నాడాలమీదను దాచుకొనెడివి. నాడా యనగా చుట్టిపెట్టిన పటమువంటిది. నడుమనున్న సంగతి కావలసినచో మొదటినుండి విప్పుకొనుచు పోవలెను. తాటాకుల గ్రంథమునందైనచో కావలసిన ఆకును నేరుగా తీయవచ్చును గదా! అట్టి సౌకర్యమును యంత్రమునకు గూర్చినవారు అమెరికాదేశమున, కాలిఫోర్నియాలోని సాన్‌హోజే పట్టణమున ఐ.బి.ఎం. సంస్థవారు. ఆ బృందమునకు నాయకుడు రేనాల్డు జాన్సను. ఈతడు మొదట మిషిగను రాష్ట్రమున బడిపంతులు. విద్యార్థుల పరీక్షాపత్రములను దిద్దు యంత్రమును కల్పించి, ఆ మూలమున 1934లో ఆ సంస్థలో చేరెను. పత్రములు దిద్ది దిద్ది విసిగిన పంతులకే ఇట్టి బుద్ధి పుట్టునని నా నమ్మకము. 1952లో ఆతడు సాన్‌హోజేకు పంపబడెను. 1956లో రామాక్ అను యంత్రము లోకమునకు చూపబడెను.

దాని డిస్కుభాగమున 50 పళ్లెములు, ఒక్కొక్కటి 24 అంగుళముల వెడల్పు గలవి, ఒకే ఇరుసునకు గ్రుచ్చబడి నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచుండెను. బరువు టన్నుకు మించినది. అంతటి భారముతో అది దాచుకొన్నది 50 లక్షల అక్షరములు మాత్రమే. చదువు తలలను మోయు చేయి పళ్లెముల సందునుండి వెలుపలికి వచ్చి, పైకో క్రిందికో పోయి, వేఱొక పళ్లెము చెంతకు దూరవలెను. ఒక సంగతిని చేరుటకు సగటున 600 మిల్లీసెకన్లు, అనగా అరసెకనుకు పైగా, పట్టెడిది. ఒక చుట్టునకు 50 మిల్లీసెకన్లే గనుక కాలమెల్ల చేతి ప్రయాణమునకే పోయినది. ఆనాడు యంత్రము నెదుట నిలిచి చూచువానికి గణాంకములతో పనిలేదు. ఆలస్యము కంటికే కనబడెను.

1961లో వచ్చిన 1301 అను యంత్రమున పళ్లెపు ముఖమునకొక తల చొప్పున అమర్చి, చేతి నిలువు ప్రయాణమును తప్పించిరి. 1973 నాటి వించెస్టరు డిస్కులో తలలను పళ్లెములను కలిపి ఒకే పెట్టెలో మూసివేసిరి. అప్పటినుండి లోపల జరుగునది కన్నులకు మఱుగైనది. వేగమును పెంచుచు 1992 నాటికి నిమిషమునకు 7200 చుట్లకు, 2000 నాటికి 15000 చుట్లకు వచ్చిరి. 7200 చుట్ల డిస్కున ఒక చుట్టునకు 8 మిల్లీసెకన్లకు కొంచెము పైన పట్టును. కావలసిన చోటు తల క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా 4 మిల్లీసెకన్లు. చేయి కదలుటకు మఱియొక 8 అనుకొన్నచో ఒక్కొక్క కోరికకు 12. అనగా చెదరియున్న చిన్న సంగతులను సెకనుకు 80 మాత్రమే చదువగలదు. వరుసగా నున్న పెద్ద గ్రంథమును చదువునపుడు ఇదే డిస్కు ఎన్నో రెట్లు చుఱుకుగా నుండును. కావున “ఈ డిస్కు వేగమెంత?” యని అడుగువాడు “ఏ పనికి?” అనియు చెప్పవలెను.

ఇక వరుసల సంగతి. డెన్మార్కు దేశమున కోపెన్‌హేగను టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగు అను గణితజ్ఞుడు 1909లో టెలిఫోను పిలుపుల రాకను గూర్చి వ్రాసిన వ్యాసమునుండి ఈ శాస్త్రము బయలుదేరెను. పని యెప్పుడు వచ్చునో, ఎంతసేపు పట్టునో నియమము లేనిచోట, ఒంటి సాధనము సగము కాలము పనిలోనున్నచో, వచ్చినవాడు పనికి పట్టు కాలమునకు రెండింతలు గడపవలసివచ్చును. నూటికి 90 పాళ్లు పనిలోనున్నచో పదింతలు. ఒకే త్రాసు గల ధాన్యపు కొట్టువద్ద సుగ్గినాడు నిలిచినవారికి ఈ సూత్రము బోధింపనక్కరలేదు. 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు ఇంకొక సూత్రమును నిరూపించెను: లోపల సగటున ఎందఱుందురన, సెకనుకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు గడపు కాలముచే గుణింపగా వచ్చినంత. సెకనుకు 200 కోరికలు, ఒక్కొక్కదానికి 10 మిల్లీసెకన్లు అయినచో లోపల ఎల్లప్పుడును సగటున రెండుండును.

నేడు సర్వరులు పెక్కింటిని నడపు లినక్సు అను వ్యవస్థ డిస్కును గూర్చి కొన్ని మొత్తములను మాత్రమే వ్రాసికొనును: ఎన్ని కోరికలు తీరెను, వానికై మొత్తమెంత కాలము పట్టెను, కనీసము ఒక కోరికయైన లోపలనున్న కాలమెంత. ఐయోస్టాట్ అను సాధనము రెండు వేళల మొత్తములను తీసివేసి, నడిమి కాలపు లెక్క చెప్పును. ఇందు మొదటి ఉచ్చు ఇదియే: అది చూపు మొదటి పట్టిక యంత్రము మేల్కొన్ననాటినుండి సగటు, రెండవదినుండియే ఇప్పటి సంగతి. మొదటి పట్టికను చూచి నేటి జబ్బును నిర్ణయించుట, పదేండ్ల వర్షపాతపు సగటును చూచి ఈ దినమున గొడుగు తీసికొనుట వంటిది.

రెండవ ఉచ్చు “యుటిల్” అను శాతము. అది 100 అయినచో డిస్కు నిండినదని కొందఱనుకొందురు. అది నిల్వ చోటు లెక్క కాదు. మఱికొందఱు శక్తి తీఱిపోయినదందురు. ఒంటిచేతి డిస్కునకది చాలవఱకు నిజమే. కాని 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సను, గిబ్సను, క్యాట్జు అనువారు పెక్కు చిన్న డిస్కులను కూర్చి ఒక్కటిగా వాడుటను గూర్చి వ్రాసిరి; అటుపిమ్మట కదలెడి భాగములే లేని డిస్కులును వచ్చినవి. ఇవి ఒకేసారి పెక్కు కోరికలను తీర్చును. వీనియందు 100 అనగా “ఎల్లప్పుడును ఒకరైన లోపలనున్నారు” అని మాత్రమే. పది త్రాసులున్న కొట్టున ఒక్క త్రాసే ఆడుచున్నను ఆ లెక్క 100 చూపును. ఆ సాధనపు వివరణపత్రమే ఈ సంగతిని హెచ్చరించుచున్నది. ఒక్కొక్క కోరికకు డిస్కు వెచ్చించు కాలమని చెప్పు “ఎస్వీసీటీఎం” అను వరుసను, నమ్మదగినది కాదని చెప్పి చెప్పి, తుదకు తీసివేసిరి.

కోరిక వచ్చినది మొదలు తీరువఱకు పట్టిన కాలమును “అవైట్” చెప్పును. నాకు దీనిపై గౌరవము మెండు. కాని యిదియు సగటే. 99 కోరికలు ఒక్కొక్క మిల్లీసెకనులో తీరి, నూఱవది 900 మిల్లీసెకన్లు నిలిచినచో సగటు పది. పది చూచినవాడు నెమ్మదిగా కూర్చుండును. ఒక మనిషి పనికి అట్టి చదువులు నూఱు కావలసినచో, వానిలో నొకటైన ఆ దీర్ఘమైనది యగుటకే అవకాశము ఎక్కువ.

మా పూర్వవిద్యార్థి యొకడు ఒక కార్యాలయపు సర్వరులను చూచుకొనుచుండును. జనులు పొద్దున వచ్చి మధ్యాహ్నమువఱకు నిలువవలసివచ్చుటచే, యుటిల్ 100 చూపుచున్నదని క్రొత్త డిస్కులు కొన నిశ్చయించిరి. వాడు వచ్చి, “మాస్టారూ, సెకనుకు 20,000 కోరికలు వచ్చుచున్నవి, అవైట్ 0.4 మాత్రమే” అనెను. గుణించి చూడుమంటిని. ఎనిమిది. కదలెడి భాగములు లేని డిస్కునకు ఎనిమిది భారము కాదు. సగటున దాగిన ఆలస్యమేమైన గలదా యని ఒక్కొక్క కోరికకు పట్టిన కాలమును విడివిడిగా వ్రాసి చూచితిమి, దీర్ఘమైనది కనబడలేదు. అంత వాడు డిస్కును విడిచి, కార్యక్రమము వైపు తిరిగెను. ఒక్క పేరును వెదకుటకు పట్టికనంతయు మొదటినుండి తుదివఱకు చదువుచున్నదని, నాడాలనాటి పద్ధతినే నడపుచున్నదని, రెండు దినములకు కనుగొనెను. డిస్కులు కొనలేదు.