తెలుగు వెబ్ పుటల అనువాదంలో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

పల్నాడు జిల్లా నూజెండ్ల మండలంలో మిరప వేసిన రైతు ఒకరు సెల్‌ఫోన్‌లో పంట సలహాల పుట తెరిచారనుకుందాం. దాని ఇంగ్లీషు మూలంలో ‘డు నాట్ స్ప్రే బిఫోర్ రెయిన్’ అని ఉంది. అందులో ‘నాట్’ ఒక్కటే బోల్డ్ అక్షరాల్లో ఉంది. మనం తెలుగులో ‘వానకు ముందు మందు కొట్టవద్దు’ అంటాం. ఇక్కడ నిషేధం క్రియ చివర కలిసిపోయింది. మరి బోల్డ్ ఏ మాటకు పెట్టాలి? వెబ్ పుటలను తెలుగులోకి తెచ్చినవారు మొదటి నుంచీ ఎదుర్కొన్న ఇలాంటి చిక్కులను ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ట్యాగు అంటే ఏమిటి?

1989లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించారు. 1991లో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుల తొలి వివరణ వెలువడింది. పూర్వం అచ్చాఫీసులో రాతప్రతి మీద కంపోజిటర్ కోసం గుర్తులు రాసేవారు. వాటిని పాఠకుడు చూడడు, కానీ వాటి ఫలితాన్ని చూస్తాడు. ట్యాగు కూడా అంతే. ఇది శీర్షిక, ఇది లింకు, ఇది నొక్కి చెప్పవలసిన మాట అని బ్రౌజరుకు తెలుపుతుంది.

2. ట్యాగు పోతే తెలుగే పోయిన కాలం

1991లో వచ్చిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. ఫైలులో ఉన్నవి నిజానికి రోమన్ అక్షరాల సంకేతాలే. వాటిని ఫలానా ఫాంటులో చూపమని చెప్పేది ఫాంట్ ట్యాగు. ఆ ట్యాగు జారిపోయినా, పాఠకుడి కంప్యూటరుకు ఆ ఫాంటు అందకపోయినా అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనిపించేది. అలంకారంగా ఉండవలసిన గుర్తు లిపి భారాన్నే మోసిందని గమనించండి.

1997 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2070 హెచ్‌టీఎమ్‌ఎల్‌కు యూనికోడ్ అక్షర సముదాయాన్ని ఆధారం చేసింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4.0 పాఠం ఏ భాషలో ఉందో తెలిపే పద్ధతిని స్వీకరించి, ఫాంట్ ట్యాగు వాడకాన్ని నిరుత్సాహపరిచింది. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని వెన్న నాగార్జున రూపొందించారు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను ప్రారంభించినదీ ఆయనే.

3. వాక్యాన్ని ముక్కలు చేస్తే

లిపి చిక్కు తీరినా వాక్యం చిక్కు మిగిలింది. ట్యాగు ఉన్న ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ వాక్యాన్ని తెంచి, ముక్కలను విడివిడిగా అనువాదకుడికి ఇస్తుందనుకోండి. మన ఉదాహరణలో ‘డు’, ‘నాట్’, ‘స్ప్రే బిఫోర్ రెయిన్’ అనే మూడు ముక్కలు వస్తాయి. మూడో ముక్కను ఒంటరిగా చూసినవారు ‘వానకు ముందు మందు కొట్టండి’ అని రాస్తారు. ఆ ముక్క వరకు వారి తప్పు లేదు. కానీ రైతుకు చేరేది తలకిందులైన సలహా. మందు వానకు కొట్టుకుపోతుంది, ఖర్చు రైతు నెత్తిన పడుతుంది.

అందుకే వాక్యం మొత్తాన్ని ఒకే చోట ఇచ్చి, ట్యాగులను కదపగలిగే గుర్తులుగా చూపే పద్ధతి స్థిరపడింది. అనువాద ఫైళ్ల కోసం రూపొందిన ఎక్స్‌లిఫ్ 1.2 ఇలాంటిదే. అది 2008లో ఒయాసిస్ సంస్థ ప్రమాణమైంది. ఇక్కడ అనువాదకుడు ట్యాగును తొలగించడు. దాని అర్థం తెలుగులో ఏ మాట మీద నిలుస్తుందో చూసి అక్కడికి జరుపుతాడు. కనుక మన వాక్యంలో బోల్డ్ ‘కొట్టవద్దు’ అనే మాట మొత్తానికీ రావాలి.

4. విభక్తి, లింకు

‘నూజెండ్ల మండలం’ అనే మాటకు లింకు ఉందనుకోండి. దాన్ని కదపకుండా బయట ‘కి’ చేరిస్తే ‘మండలంకి’ అవుతుంది. మన వ్యాకరణం ప్రకారం ‘మండలానికి’ అనాలి. కాబట్టి విభక్తితో సహా పూర్తి మాటను లింకులో ఉంచి, లోపలి చిరునామాను మాత్రం అలాగే ఉంచాలి. ట్యాగు అక్షరం మధ్యలో పడితే మరో ప్రమాదం ఉంది. గుణింతపు గుర్తు హల్లు నుంచి విడిపోయి, చుక్కల వలయంతో కనిపించవచ్చు.

కనిపించే మాట, కనిపించని చిరునామా వేరువేరని మరవకండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, అంతవరకు గుంటూరు జిల్లాలో ఉన్న నూజెండ్ల అందులో చేరింది. పాత పుటలో పైకి కనిపించే ‘గుంటూరు జిల్లా’ను ‘పల్నాడు జిల్లా’గా దిద్ది లింకును వదిలేస్తే, నొక్కిన పాఠకుడు ఇంకా గుంటూరుకే వెళ్తాడు.

సారాంశం

ట్యాగును అనువదించకూడదు, పారవేయకూడదు. ఇంగ్లీషులో అది ఉన్న చోటును కాక, అది చేసే పనిని తెలుగులోకి తేవాలి. తెలుగు వాక్యనిర్మాణం తెలిసినవారే ఆ పని చేయగలరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సొంత ఫాంట్ల కాలంలో ఫాంట్ ట్యాగు పోతే ఏమయ్యేది?
2. ‘మండలానికి’ అనే మాటలో లింకు ఎంతవరకు ఉండాలి? ఎందుకు?
3. మీ మండలం గురించి ఇంగ్లీషులో ఉన్న ఒక వెబ్ పుటలో బోల్డ్ లేదా లింకు ఉన్న ఒక వాక్యాన్ని ఎంచుకుని తెలుగులోకి అనువదించండి. ట్యాగును ఎక్కడ ఉంచారో కారణంతో వివరించండి.